క్రీస్తు ఏలుబడిలో దినచర్య: బెనెడిక్టు నియమావళి

ఇటలీలోని నూర్సియాలో పుట్టి, సుబియాకో గుహలో ఏకాంతంగా సాధన చేసి, తరువాత మోంతే కసీనో కొండపై మఠం స్థాపించిన సంత్ బెనెడిక్టు 6వ శతాబ్దంలో లాటిన్ భాషలో రాసిన నియమావళి, స్వంత ఇచ్ఛను విడిచి క్రీస్తు అనే నిజమైన రాజు కొలువులో చేరదలచిన వారి కోసమే తాను పుట్టినట్లు పీఠికలోనే ప్రకటించుకుంటుంది. 73 అధ్యాయాల ఈ చిన్న గ్రంథం క్రీస్తు ప్రభుత్వాన్ని సిద్ధాంతంగా చర్చించదు. తెల్లవారుజామున లేవడం మొదలు వంటపాత్రలు కడగడం వరకు ప్రతి పనినీ ఆయన ఏలుబడి కిందికి తెస్తుంది.

మఠంలో చేరే వ్యక్తి మూడు ప్రమాణాలు చేస్తాడు. చేరిన సమాజాన్ని కడదాకా విడువకపోవడం స్థిరత్వం, నడవడిని దినదినం దిద్దుకోవడం జీవన పరివర్తన, మఠాధిపతి మాటలో ప్రభువు ఆజ్ఞను గుర్తించి లోబడడం విధేయత. అయితే మఠాధిపతికి కూడా హద్దు ఉంది: ప్రభువు బోధకు విరుద్ధంగా అతడు ఏదీ ఆజ్ఞాపించకూడదు, తన అధీనంలోని ప్రతి ఆత్మకూ తీర్పు దినాన లెక్క అప్పగించాలి, ముఖ్యమైన విషయాల్లో అందరినీ, చిన్నవారిని సైతం, పిలిచి అభిప్రాయం అడగాలి. అధికారం చెలాయించే ప్రతి క్రైస్తవ నాయకుడూ చదవవలసిన భాగమిది.

పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి జరిగే సామూహిక ప్రార్థనలో 150 కీర్తనలూ వారంలో పూర్తికావాలి. వాటి క్రమం నచ్చకపోతే మార్చుకోవచ్చు గాని సంఖ్య తగ్గించకూడదు. ప్రార్థనల మధ్య వేళల్లో చేతిపని, దానితోపాటు ‘లెక్తియో దివీనా’ అనే పవిత్ర పఠనం సాగుతాయి. వాక్యభాగాన్ని నిదానంగా, పెదవులు కదిలేలా చదివి, మనసులో నిలుపుకొని, ప్రార్థనగా మార్చుకునే ఈ పద్ధతిని 12వ శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండవ గీగో పఠనం, ధ్యానం, ప్రార్థన, దర్శనం అనే నాలుగు మెట్లుగా వివరించాడు.

నియమావళి హృదయం మాత్రం అతిథి సేవలో కనిపిస్తుంది. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తుగానే స్వీకరించి, మఠాధిపతి స్వయంగా చేతులకు నీళ్లు పోసి, సమాజంతో కలిసి పాదాలు కడగాలి. ధనవంతునికి గౌరవం భయం వల్ల దానంతట అదే దక్కుతుంది కనుక, పేదలపట్లా యాత్రికులపట్లా మరింత శ్రద్ధ చూపాలి. రోగులకు చేసే సేవా క్రీస్తుకు చేసినదే. ఉగ్రాణం చూసే అధికారి మఠంలోని పనిముట్లన్నిటినీ బలిపీఠపు పాత్రలంత పవిత్రంగా ఎంచాలి. ఆరాధన ఒకచోట, బతుకు మరొకచోట అనే విభజనకు ఇక్కడ తావు లేదు. ఆ విభజనను తొలగించడమే ఈ సంప్రదాయం క్రైస్తవ లోకానికి చేసిన అన్నిటికంటే పెద్ద మేలు.

ఇది సన్యాసులకే పరిమితం కాదు. ఒక మఠంతో అనుబంధం పెట్టుకుని, సంసారంలోనూ ఉద్యోగంలోనూ ఉంటూ ఈ నియమాలను శక్తికొలది పాటించే గృహస్థులను ఓబ్లేటులు అంటారు. గ్రంథాన్ని రోజుకొక భాగంగా విభజించి, జనవరి 1న, మే 2న, సెప్టెంబరు 1న మొదలుపెట్టి ఏడాదికి మూడుసార్లు చదవడం బెనెడిక్టీయుల ఆచారం. రోజుకు కొన్ని నిమిషాలు చాలే ఈ పఠనాన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలు కూడా తమ కుటుంబ ప్రార్థనలో చేర్చుకోవాలి.