గంట వినిపించేదాకా

అమ్మవారికి నైవేద్యం అయిందన్న కబురు అందేదాకా అన్నం ముట్టని రాజు కట్టించిన ఇల్లువు నువ్వు. నీ గడప ముందు చెప్పులు విడవడానికి నాకు ఆ ఒక్క మాట చాలు.

శ్రీవిల్లిపుత్తూరు తిరుమల నాయకుని మహలా! మదురైలో 1636లో లేచిన పెద్ద మహలుకు నువ్వు చెల్లెలివి. 248 స్తంభాల అక్కను చూడడానికి దేశదేశాల వాళ్లు టికెట్టు కొనుక్కుని వస్తారు. నీ దగ్గరికి దారి అడుక్కుంటూ వచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో. వాళ్లలో ఒకడిగా వచ్చాను. నీ లావుపాటి స్తంభానికి వీపు ఆనించాను. బయట ఎండ మండిపోతోంది, నీ సున్నపు గార మాత్రం చల్లగా ఉంది. కొన్నాళ్లు ఇక్కడే న్యాయస్థానం నడిచిందట. రాజు వెళ్లిపోయాక కూడా తీర్పుల కోసం కాచుకున్న జనం నీ నీడనే నిలబడ్డారన్నమాట.

ఈ సీమ జనం చెప్పుకునే కథ ఒకటుంది. మదురైలో ఉన్న తిరుమల నాయకుడు, ఇక్కడ ఆండాళ్లమ్మకు మధ్యాహ్నపు పూజ ముగిసిందని తెలిస్తే గాని భోజనానికి లేచేవాడు కాదట. మధ్యలో దూరమా, డెబ్బై కిలోమీటర్లకు పైమాట. అందుకని దారి పొడవునా మంటపాలు కట్టించాడు. గుళ్లో గంట మోగగానే ఊరి బయటి మంటపంలో కాచుకున్నవాడు అది విని తన గంట కొట్టేవాడు. అది విని ఆ అవతలివాడు. అలా పొలాల మీదుగా, చెరువుగట్ల మీదుగా, ఒక చెవి నుంచి ఇంకో చేతికి, ఆ చేతి నుంచి మరో చెవికి నడుచుకుంటూ ఆ మోత రాజు విస్తరి ముందుకు చేరేది. ఎంత బలమున్నా, ఎంత ఆకలేసినా, తనకంటే ముందు తినవలసినవారు ఒకరున్నారని రోజూ మధ్యాహ్నం ఒప్పుకున్న రాజు! ఆయన గెలిచిన యుద్ధాల పేర్లు నాకు గుర్తుండవు. ఈ ఆకలి గుర్తుంటుంది.

నీ దగ్గరికి నేను కోవిల్‌పట్టి మీదుగా వచ్చాను. అదంతా నల్లరేగడి నేల, పత్తిచేలు, అగ్గిపెట్టెల కార్ఖానాలు, వేరుశనగ అచ్చుల తీపి. నెర్రెలు విచ్చి వానకోసం ఆకాశం వంక చూసే ఆ నేల మీద మన మాట వినిపిస్తుంది. ఆ పక్కనే ఉన్న ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట ఈ నల్లరేగడి సీమ ‘కరిసల్’ తమిళంలో కథలు చెప్పాడు. ఉత్తరం నుంచి ప్రాణాలు, మానం చేతపట్టుకుని నడిచొచ్చిన తెలుగు కుటుంబాలు ఈ బీడును ఎలా ఊరు చేసుకున్నాయో ‘గోపల్ల గ్రామం’ నవలలో రాశాడు. పడమటగా రాజపాళయంలో రాజులు, పల్లెపల్లెనా కమ్మవారు, నాయకులు, రెడ్లు. బడిలో నేర్పకపోయినా, రాసుకోవడానికి లిపి తెలియకపోయినా, అమ్మ నోటి నుంచి బిడ్డ చెవికి, ఆ బిడ్డ నోటి నుంచి ఇంకో బిడ్డ చెవికి తెలుగు అందుతూనే ఉంది. నీ మంటపాల గంట వీళ్ల ఇళ్లలో ఇంకా ఆగలేదు మహలా!

నువ్వు పుట్టడానికి నూరేళ్లకు పైగా ముందే నీ ఊరు మా భాషలోకి వచ్చేసింది. కళింగం మీదికి వెళుతూ కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగిన కృష్ణదేవరాయలకు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, నా పెళ్లికథ తెలుగులో చెప్పమన్నాడు. ఆయన ‘ఆముక్తమాల్యద’ రాశాడు. తమిళ ఊరు, తమిళ పిల్ల ఆండాళ్, రంగనాథుడి కోసం ఆమె పడ్డ విరహం, అంతా తెలుగులో. విల్లిపుత్తూరును వర్ణిస్తూ బాతులను కూడా వదల్లేదు ఆ చక్రవర్తి. కాలువ ఒడ్డున రెక్కల్లో తలలు దూర్చి నిద్రపోతున్న బాతులను చూసి తలారులు, స్నానానికొచ్చిన బ్రాహ్మణులు మరచిపోయిన బట్టలేమోనని తీసి ఇద్దామని పోతారు. బాతులు లేచిపోతాయి, చేలు కాచే పడుచులు నవ్వుతారు. సామ్రాజ్యం ఏలేవాడికి నిద్రపోయే బాతును అంతసేపు చూసే తీరిక ఎక్కడిదో! ఆ తీరిక మీదే నాకు ఆయన కిరీటం కంటే ఎక్కువ గౌరవం.

నీ పొరుగున గుళ్లో ఆండాళ్ చేతికి రోజూ కొత్త చిలుకను కడతారు. ఆకులతో ఒళ్లు, దానిమ్మపువ్వుతో ముక్కు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు ఆమె ముడిచి విడిచిన మాల ఇక్కడి నుంచి బయల్దేరుతుంది. కొండమీద లక్షల మంది ఎవరి కోసం ఎదురుచూస్తారో, ఆయనే ఈ ఊరి పూలమాల కోసం ఎదురుచూస్తాడు. ఆ మాల ధరించి గరుడుడి మీద వస్తున్న స్వామిని చూసే మనవాళ్లలో ఎందరికి తెలుసో, ఆ పూలు ఏ ఊళ్లో గుచ్చారో!

రాజభవనం పక్కన జంతువుల తోట ఉండడం మన దేశంలో పాత ముచ్చట. మైసూరులో చామరాజ ఒడెయరు 1892లో అలాంటిది పెట్టించాడు. పిల్లలు ఇప్పటికీ ప్యాలెస్ చూసి, అక్కడి నుంచి జూకి పరుగెడతారు. నీకు అలాంటి తోట ఎవరూ కట్టలేదు. అక్కర లేకపోయింది. పడమట పడమటి కనుమలే నీ పొరుగు. వరయాడు అనే కొండమేక ఆ కొండ నెత్తిన మేస్తుంది, ఏనుగు లోయలో దిగుతుంది, చిరుత ఎక్కడుందో చిరుతకే తెలుసు. 1988లో ఈ అడవిని అభయారణ్యం చేశారు. చేసింది ఏనుగు పేరిట కాదు, పులి పేరిట కాదు, ఒక ఉడుత పేరిట! 2021లో మేఘమలైతో కలిపి వెయ్యి చదరపు కిలోమీటర్లకు మించిన పులుల అభయారణ్యంగా పెంచారు గాని, మొదట ఈ అడవికి రక్షణ తెచ్చిపెట్టింది ఆ బూడిదరంగు ఉడుతే.

శెన్బగత్తోప్పు దగ్గర కొండ మొదట్లో దాని కోసం నిలబడ్డాను. బోనులో ఉంటే వెళ్లగానే కనిపించేది. ఇక్కడ మెడ నొప్పెట్టేదాకా చింతకొమ్మల్లోకి చూడాలి. ముందు ఒక అరుపు. తరువాత ఆకుల కదలిక. ఆ తరువాత, ఒళ్లంత పొడుగు తోకను వెనకాల వేలాడేసి, నెరసిన బొచ్చుతో, పిల్లి అంత ఉడుత ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దూకింది. నేలమీదికి రావడం దానికి ఇష్టముండదు. కొమ్మలు కలిసేచోట పుల్లలు, ఆకులు పేర్చి గూడు కడుతుంది. శత్రువు వస్తే పక్క చెట్టుకు దాటడానికి ఆ కలిసిన కొమ్మలే వంతెన. మన దక్షిణాది అడవుల్లో కొన్నిచోట్ల, సముద్రం దాటితే సింహళంలో, అంతే దాని లోకం. అది దూకిన క్షణంలో నాకు నీ మంటపాలు అర్థమయ్యాయి మహలా! ఒకటి ఇంకొకదానికి అందేంత దగ్గరగా ఉండాలి. మధ్యలో ఒక్క మంటపం కూలితే రాజు పస్తు, ఒక్క చెట్టు కూలితే ఉడుత ఒంటరి.

తల్లీ, స్తుతి చేసినవాడు చివర వరం అడగడం మన రివాజు. నేనూ అడుగుతున్నాను. నీ స్తంభాల మీద పేర్లు గీకే చేతులు ఆగాలి. నీ గార రాలితే తెలిసిన మేస్త్రీ వచ్చి సున్నంతోనే పూయాలి, సిమెంటుతో కాదు. ఈ పల్లెల్లో పిల్లలు అవ్వతో తెలుగులో దెబ్బలాడుతూ పెరగాలి. కొండకు పోయే దారిని వెడల్పు చేసే రోజు వస్తే, గొడ్డలి పట్టినవాడు ముందు తలెత్తి, అటు చింత కొమ్మ ఇటు చింత కొమ్మను ఎక్కడ తాకుతోందో చూసుకుని, అక్కడ చెయ్యి వెయ్యకుండా పోవాలి.