విస్ఫోట తారలు, కృష్ణపదార్థం: సిమ్యులేషన్ల సాక్ష్య విలువ

గురుత్వాకర్షణను మాత్రమే లెక్కలోకి తీసుకొన్న సిమ్యులేషన్లలో కృష్ణపదార్థ సాంద్రత గెలాక్సీ కేంద్రం వైపు అంతకంతకూ పెరిగి మొనదేలుతుంది. నవారో, ఫ్రెంక్, వైట్ 1996, 1997లలో ప్రతిపాదించిన సూత్రం ఈ రూపానిదే. పరిశీలనలు దానికి పూర్తిగా లొంగలేదు. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శినితో ఆయేషా బేగం, జయరాం చెంగలూర్, ఉల్రిచ్ హాప్ కామెలోపార్డాలిస్ బి అనే మరుగుజ్జు గెలాక్సీని పరిశీలించారు. దాని భ్రమణ వేగాలకు సమసాంద్ర గర్భమే సరిపోతుందని 2003లో తేల్చారు.

ఈ వైరుధ్యానికి సూపర్‌నోవాలే సమాధానమనే వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. ఒక్కొక్క విస్ఫోటనం 1 పక్కన 44 సున్నాలు వేసినన్ని జౌళ్ల శక్తిని విడుదల చేస్తుంది. అయితే వాయువునంతటినీ ఒక్కసారి వెళ్లగొట్టినా ఆ మొన చెరగదని నెడిన్, జావో 2002లోనే చూపారు. ఈ చిక్కును విప్పింది 2012 నాటి పాంట్జెన్, గవర్నాటోల విశ్లేషణ. వాయువు నెమ్మదిగా పోయి నెమ్మదిగా తిరిగివస్తే కృష్ణపదార్థ కణాల కక్ష్యలు విస్తరించి మళ్లీ పూర్వస్థితికి చేరుతాయి. కక్ష్యాకాలం కంటే వేగంగా పోతే మాత్రం కణం పొందిన శక్తి దానికే మిగులుతుంది. ఇది పదేపదే జరిగినప్పుడు మొన అరిగి గర్భమవుతుంది. యాంత్రిక శాస్త్ర దృష్ట్యా ఈ వివరణలో లోపమేమీ లేదు.

లోపం వేరొక చోట ఉంది. వాయువు ఎంత చిక్కబడితే నక్షత్రాలు పుడతాయో చెప్పే కనీస సాంద్రతను పరిశోధకుడే నిర్ణయిస్తాడు. బెనీటెజ్-యాంబే బృందం 2019లో ఈ ఒక్క సంఖ్యనే మార్చి చూసింది. ఘన సెంటీమీటరుకు 0.1 పరమాణువు వంటి తక్కువ విలువ వద్ద గర్భాలు ఏర్పడలేదు. విలువను బాగా పెంచినప్పుడు ఏర్పడ్డాయి. అదే ఏడు సౌనక్ బోస్ బృందం పరిశీలించిన సిమ్యులేషన్లలో నక్షత్రజననం ఉధృతంగా ఎగసిపడినా గర్భాలు కనిపించలేదు. అంటే పేలుడు ఒక్కటే చాలదు. అంతకుముందు కేంద్ర గురుత్వాన్ని శాసించేంత వాయువు అక్కడ పోగుపడాలి. నిజమైన నక్షత్రాలు చిక్కని అణుమేఘాలలోనే పుడతాయి గనుక ఎక్కువ విలువే ప్రకృతికి దగ్గర అనవచ్చు. కానీ ఆ మేఘాలను విడదీసి చూడలేని సిమ్యులేషన్‌లో ఆ సమర్థన అరువు తెచ్చుకొన్నదే.

ఈ పరీక్షా పద్ధతి కొత్తది కాదు. సికింద్రాబాదుకు ఆనుకొన్న బేగంపేటలోని నిజామియా వేధశాల 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం −17° నుంచి −23° వరకు గల ఆకాశాన్ని గాజు పలకలపై చిత్రించి కొలిచింది. పలకలు ఒకదానిపై ఒకటి కొంత వ్యాపించేలా తీసే పథకమది. ఒకే నక్షత్రం రెండింటిలో పడితే కొలత దోషం బయటపడుతుంది. సిమ్యులేషన్‌లో ఆ రెండవ పలక వంటిది సంఖ్య మార్చి నడిపిన రెండవ గణన. ఆ గణన లేని వ్యాసం గర్భం ఏర్పడిందని చెప్పగలదు గాని, ఎందుకు ఏర్పడిందో చెప్పలేదు.

ఆ సంఖ్యపై ఆధారపడని సాక్ష్యం ఆకాశంలో కొంత దొరికింది. రీడ్, వాకర్, స్టీగర్ 2019లో 16 మరుగుజ్జు గెలాక్సీలను పోల్చారు. నక్షత్రజననం ఎప్పుడో ఆగిపోయిన డ్రాకోలో కేంద్ర సాంద్రత ఎక్కువగా, చాలాకాలం సాగిన ఫోర్నాక్స్‌లో తక్కువగా ఉంది. సూపర్‌నోవా వాదం కోరేది ఈ భేదాన్నే. కృష్ణపదార్థ కణాలు తమలో తాము ఢీకొనడమే గర్భాలకు కారణమనే ప్రత్యామ్నాయ వాదం డ్రాకోకు వేరుగా సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.