శ్రీ రాసిన కాగితం ఎక్కడ వెయ్యాలి?

సంక్రాంతికి ఇల్లు దులిపాక ప్రతి ఇంట్లోనూ ఓ కట్ట మిగిలిపోతుంది. వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, వినాయకుడి బొమ్మ అచ్చేసిన శుభలేఖలు, అట్ట ఊడిన హనుమాన్ చాలీసా, అద్దం పగిలిన లక్ష్మీదేవి పటం. చెత్తబండిలో వెయ్యడానికి చెయ్యి రాదు. అలాగని దాచుకునే చోటూ ఉండదు. మా వైపు ఆ కట్ట ఏ రావిచెట్టు మొదట్లోకో చేరుతుంది, లేదంటే కాలవలోకి పోతుంది. ఎండాకాలం కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల్లో నీళ్లు కట్టేశాక వంతెన మీద నిలబడి కిందకి చూడండి, బురదలో పటాల చట్రాలు తేలి ఉంటాయి. గౌరవంగా సాగనంపామని మనం అనుకుంటాం. కంటికి కనపడకుండా చేసుకున్నాం, అంతే.

ఈ పనికి ఓ పద్ధతి పెట్టుకున్నవాళ్లు యూదులు. వాళ్ల ఊసు ఇప్పుడెందుకంటారా? వాళ్లు మన పొరుగునే ఉన్నారు. చేబ్రోలు అనగానే మనకు చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. ఆ మండలంలోనే కొత్తరెడ్డిపాలెంలో 1991 నుంచి బెనే యాకోబ్ అనే సినగాగు, అంటే యూదుల ప్రార్థనామందిరం ఉంది. 1981 ప్రాంతంలో ఇక్కడా, ఒంగోలు చుట్టుపక్కలా ఓ యాభై కుటుంబాలు తాము ప్రాచీన ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిం గోత్రపు సంతతి అంటూ యూదు మతంలోకి మళ్లాయి. షమూయేలు, సాదోక్ యాకోబి సోదరులు ముందుండి నడిపించారు. పుట్టుకతో మాదిగలు, అంతకుముందు క్రైస్తవులు, చాలామంది పొలం పనులకు వెళ్లేవాళ్లు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్లమీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. శనివారం సబ్బాతు, తెలుగులో కబుర్లు, హీబ్రూలో ప్రార్థన.

యూదుల ధర్మం ప్రకారం హీబ్రూలో రాసిన దేవుడి పేరును చెరపకూడదు, పాడుచెయ్యకూడదు. అందుకని అలాంటి రాత పాతబడితే గెనీజా అనే గూట్లోనో గదిలోనో వేస్తారు. అది నిండాక శ్మశానానికి తీసుకెళ్లి, మనిషిని పూడ్చినట్టే పూడుస్తారు. వాళ్ల పవిత్రగ్రంథం తోరా చుట్టనైతే మట్టికుండలో పెట్టి, పండితుడి సమాధి పక్కన పాతిపెట్టాలని వాళ్ల ధర్మచర్చల గ్రంథం తల్మూదు చెబుతుంది. కుండ మాట బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథంలోది. 32వ అధ్యాయంలో ఆయన పొలం కొని, ఆ క్రయపత్రం చాలాకాలం ఉండాలని కుండలో పెట్టిస్తాడు. పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువా అడుగున దాచే మన రైతుకి ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నిటికీ ఒకటే మర్యాద కాదు. తోరా, గుమ్మానికి కొట్టే మెజూజా, ప్రార్థనప్పుడు చేతికీ నుదుటికీ కట్టుకునే తోలుపెట్టెలు, వాటి తొడుగులు, ఇవన్నీ గెనీజాకు పోవాల్సిందే. పండక్కి వాడిన ఖర్జూరపు మట్ట ఎండిపోయినా, పొట్టేలు కొమ్ము బూర పగిలినా పారెయ్యొచ్చు, అవమానించకుండా ఉంటే చాలు. సెల్‌ఫోన్ తెర మీద కనపడేది అసలు రాతే కాదని చాలామంది రబ్బీలు, అంటే యూదు మతగురువులు తేల్చేశారు. పొద్దున్నే వచ్చిపడే దేవుడి బొమ్మల్ని తుడిచేస్తూ లెంపలేసుకునేవాళ్లకు ఇది కాస్త ఊరట. మనకు ఈ లెక్కలేవీ లేవు. శుభలేఖకూ సుందరకాండకూ ఒకటే కాలవ.

నాకు ఇందులో బాగా పట్టింది తోలు సంగతి. తోరాను కాగితం మీద రాయరు. తినదగిన పశువు తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, చట్రానికి బిగదీసి ఆరబెడతారు. దానిమీద 3,04,805 అక్షరాలు చేత్తో రాస్తారు. ఒక్క అక్షరం తప్పినా దిద్దేదాకా చదవడానికి పనికిరాదు. తోలు ముక్కల్ని ఆ పశువుల నరాలతో పేనిన దారంతోనే కుడతారు. సున్నం, లంద, గీకుడు కత్తి మాదిగవాడలకు తరాలుగా తెలిసినవే. ఆ పని చేసినందుకే ఊరు వాళ్లను ముట్టుకోలేదు. ఆ తోలుతోనే కుట్టిన చెప్పులు తొడుక్కుంది, డప్పుకు చిందులేసింది. ఊరి నడిమధ్య తెరకట్టి ఆడించిన తోలుబొమ్మల రాముడిదీ తోలే. ఆ బొమ్మలు చిరిగితే నదిలో కలపడం మన ఆటగాళ్ల ఆచారం.

తల్మూదుకు మూలమైన మిష్నాలో ఇంకో విచిత్రం ఉంది. పవిత్రగ్రంథాన్ని ముట్టుకుంటే చేతులు మైలపడతాయట! తల్మూదు చెప్పే కారణం మరీ ఇంటిపని లాంటిది. దేవాలయ యాజకుల వాటా ఆహారమూ పవిత్రమే, గ్రంథమూ పవిత్రమే కదా అని జనం రెండూ ఒకేచోట పెట్టేవారు. తిండికి వచ్చిన ఎలుకలు గ్రంథాన్నీ కొరికేవి. ఆ అలవాటు మాన్పించడానికి పెద్దలు గ్రంథానికి మైల అంటగట్టారు. మైల అనే మాటను ఒక పుస్తకాన్ని కాపాడటానికి వాడొచ్చని మా ఊళ్లల్లో ఎవరికీ తట్టలేదు.

గెనీజాల్లోకెల్లా పెద్దది కైరోది. అక్కడి బెన్ ఎజ్రా సినగాగులో వేసినవి పూడ్చకుండా వందల ఏళ్లు అలాగే వదిలేశారు. దేవుడి పేరు ఉన్నా లేకపోయినా, హీబ్రూ లిపిలో ఉంటే చాలు, ఏ కాగితమైనా లోపల పడేసేవారు. ఉత్తరాలు, పెళ్లి ఒప్పందాలు, బాకీ పత్రాలు, పిల్లల అక్షరాభ్యాసం కాగితాలు. 1896-97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు వాటిలో చాలావాటిని కేంబ్రిడ్జికి తరలించాడు. అక్కడ ఒక్కచోటే 1,93,000 ముక్కలున్నాయి. 12వ శతాబ్దంలో మంగళూరులో కాపురముండి వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యిజూ ఉత్తరాలు ఆ గెనీజాలో దొరికినవే. మిరియాలు, యాలకులు, డబ్బు తీసుకుని సరుకివ్వని షావుకారి మీద ఫిర్యాదులు. మిరపకాయ మన దేశం మొహం చూడటానికి ఇంకా మూడు వందల ఏళ్లుంది.

ఇక గుంటూరు సంగతి. కమీషన్ దుకాణంలో కొత్త చిట్టా తెరిస్తే మూలలకు పసుపు రాస్తారు, పైన శ్రీ చుడతారు. ఆ తర్వాతే మిరప టిక్కీల (బస్తాల) లెక్క, తాలు ఎంత, తరుగు ఎంత, ఏ రైతుకు ఎంత అప్పు. కైరో లెక్కన చూస్తే ఇవన్నీ గెనీజా సరుకే. పత్తి రైతు ఏ ఏడు ఎంత వడ్డీకి తెచ్చాడో, మిరప ధర ఏ నెలలో పడిపోయిందో చెప్పే సాక్ష్యం ఆ పద్దుల్లోనే ఉంది. శ్రీ ఉన్న మొదటి పేజీని చింపి కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టి, మిగతా పుస్తకం పాతకాగితాలవాడికి తూకానికి వేసేవాళ్లను నేనెరుగుదును. పత్రికలూ పుస్తకాలూ దాచడానికి వేటపాలెంలో 1918లోనే సారస్వత నికేతనం పెట్టుకున్న జిల్లాలు మనవి. చిట్టాలకు, ఆవర్జాలకు, తక్‌పట్టీలకు అలాంటి గది ఒకటి మిర్చి యార్డు పక్కన కట్టడానికి కోట్లేమీ అక్కర్లేదు. చెద పట్టని అరలు, తాళంచెవి ఉన్న ఓ మనిషి ఉంటే మొదలుపెట్టొచ్చు. రైతుల పేర్లు బయటపడతాయని జంకేవాళ్లు పాతికేళ్లు దాటినవే ఇవ్వండి.