గ్లాసు అంచున రొయ్య

క్రిస్మస్, కొత్త సంవత్సరం విందుల్లో అమెరికన్ల ఇళ్లలో ఇప్పటికీ బల్లమీదికి వచ్చే పాతకాలపు స్టార్టర్ ఒకటుంది. కాడ ఉన్న గాజు గ్లాసు, అందులో ఎర్రటి సాస్, అంచు చుట్టూ తోకలు బయటికి పెట్టి వేలాడే అయిదారు చల్లటి రొయ్యలు. తోక పట్టుకుని సాస్‌లో ముంచి కొరుక్కోవడమే. పేరు ష్రింప్ కాక్‌టెయిల్. పేరులో కాక్‌టెయిల్ ఉన్నా అందులో చుక్క మందుండదు.

ఉడికించిన రొయ్యని చల్లార్చి తినడమేమిటని గోదావరి జిల్లాల మనిషి మూతి విరవొచ్చు. రొయ్యంటే మనకి ఇగురు, వేపుడు, లేదా గోంగూరతో జోడీ. ఈ వంటకంలో మాత్రం మసాలా చాటు లేదు. రొయ్య తాజాది కాకపోతే మొదటి కొరుకులోనే తెలిసిపోతుంది. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికినా తెలిసిపోతుంది. దీని పరీక్షంతా అక్కడే.

రొయ్యలకంటే ముందు 19వ శతాబ్దపు అమెరికాలో ఆయిస్టర్ కాక్‌టెయిల్ ఉండేది. కాలిఫోర్నియాలో బంగారం తవ్వుకునేవాడొకడు విస్కీ గ్లాసులో ఆయిస్టర్లు వేసుకుని, కెచప్, వెనిగర్ కలుపుకుని తిన్నాడని ఓ కథ చెబుతారు. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధంలో, పనిలేక పడివున్న కాక్‌టెయిల్ గ్లాసులకి రొయ్యలు కొత్త కొలువు ఇచ్చాయనీ అంటారు. ఇండియానాపొలిస్‌లో 1902లో పెట్టిన సెయింట్ ఎల్మో స్టేక్ హౌస్‌కి కళ్లనీళ్లు తెప్పించే సాస్‌తో పేరొచ్చింది. లాస్ వెగాస్‌లో గోల్డెన్ గేట్ కాసినో 1959లో దీన్ని 50 సెంట్లకి అమ్మి జూదగాళ్ల ఫలహారం చేసింది. బ్రిటన్‌లో 1960, 70లలో మయొనైజ్‌లో కెచప్ కలిపిన గులాబీరంగు మారీ రోజ్ సాస్‌తో ఇదే ప్రాన్ కాక్‌టెయిల్‌గా వెలిగింది. ఆ తర్వాత ఫ్యాషన్ మారి నవ్వులపాలైంది. అయినా పండగ బల్ల దిగలేదు. చుట్టాలు రాకముందే అంతా సిద్ధం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, నిలబడి కబుర్లాడుతూ ఒంటిచేత్తో తినొచ్చు. ఆతిథ్యమిచ్చేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

ఇక వంట. రొయ్యని పొట్టుతోనే ఉడికించాలి, రుచి అందులో ఉంది. వీపు వెంబడి కత్తెరతో పొట్టు చీల్చి నల్లనరం లాగేస్తారు. నీళ్లలో ఉప్పు, నిమ్మచెక్కలు, మిరియాలు, ఒక సెలరీ కాడ వేసి పది నిమిషాలు మరగనిచ్చి, పొయ్యి కట్టేసి, అప్పుడు రొయ్యలు వేసి మూతపెట్టాలి. ఆ వేడి చాలు. పెద్ద రొయ్యకి మూడు నాలుగు నిమిషాలు. పచ్చి రొయ్యలో ఎర్రరంగు ముందే ఉంటుంది, ఒక ప్రోటీన్ దాన్ని పట్టి దాచడంవల్ల బూడిదరంగుగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు సడలగానే ఎరుపు బయటపడుతుంది. కొడవలిలా వంగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుంటే మించిపోయినట్టు. వెంటనే ఐసు నీళ్లలో వెయ్యాలి, లేకపోతే లోపలి వేడికే ఇంకా ఉడుకుతుంది. చల్లబడగానే తీసి ఆరబెట్టాలి, నానితే తీపి పోతుంది. తర్వాత తోక వదిలేసి పొట్టు వలవాలి. తోకే పిడి.

సాస్ సులువు. కప్పు కెచప్, రెండు మూడు చెంచాల హార్స్‌రాడిష్ తురుము, అర నిమ్మచెక్క రసం, ఒక చెంచా వూస్టర్‌షైర్ సాస్. చివరిదాంట్లో చింతపండు ఉంటుందని మనలో చాలామందికి తెలియదు. హార్స్‌రాడిష్ ఆవాల కుటుంబానికి చెందిన తెల్లటి వేరు. కొయ్యకముందు దానికి వాసనే ఉండదు. తురిమితే కణాలు చితికి, లోపలి ఎంజైము ఘాటైన పదార్థాన్ని పుట్టిస్తుంది. తడిపి నూరిన ఆవపిండి ఘాటుకి కారణం కూడా ఇదే పదార్థం. మిరపకారం నాలుకని పట్టుకుని వదలదు. ఇది ముక్కుకెక్కి, కళ్లు చెమర్పించి అంతలోనే దిగిపోతుంది. తురిమాక కాసేపు ఆగి వెనిగర్ పోస్తే ఘాటు ఎక్కువ, వెంటనే పోస్తే తక్కువ. వేడి తగిలితే మాత్రం ఘాటు చస్తుంది. పనసపొట్టు కూర దించాక ఆవ పెట్టే చేతికి ఈ లెక్క కొత్తేమీ కాదు. అందుకే ఈ సాస్‌నీ పొయ్యిమీద పెట్టరు. ఇక్కడ హార్స్‌రాడిష్ దొరక్కపోతే, అప్పుడే నూరిన ఆవముద్ద ఒక చెంచా కలుపుకుంటే పని జరిగిపోతుంది.

దొరకాల్సింది మంచి రొయ్య. దాని ఊసెత్తితే కథ మన చెరువుగట్లకే వస్తుంది. చాలా ఏళ్లుగా అమెరికాకి అన్ని దేశాలకంటే ఎక్కువ రొయ్యలు పంపుతూ వచ్చింది మనమే, మన దేశంలో అందరికంటే ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. 2009లో వెనామీ రకం రొయ్య సాగుకి అనుమతి వచ్చాక భీమవరం ప్రాంతంలో టైగర్ రొయ్య వెనకబడింది. అక్కడి రైతు నోట ముందొచ్చే మాట ‘కౌంట్’. కిలోకి ఎన్ని తూగితే అన్ని కౌంట్. వంద కౌంటంటే చిన్న రొయ్య, ముప్పై కౌంటంటే పెద్దది. అమెరికా ప్యాకెట్ మీదా అదే పద్ధతి, కాకపోతే లెక్క పౌనుకి. 16/20 అని ఉంటే పౌనుకి పదహారు నుంచి ఇరవై. గ్లాసు అంచున నిలిచే సైజు అది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, అక్కడి పండగ బల్లకంటే ముందు ఇక్కడి చెరువుగట్టుకి దిగులు పట్టింది.

ఇంట్లో కూరకి వలిచేటప్పుడు మనం తోక కూడా తీసి పారేస్తాం. ఎగుమతి ప్లాంట్లలో గ్లవుజులు తొడుక్కుని, ఐసులోంచి ఒక్కో రొయ్యా తీసి వలిచే ఆడవాళ్లు, ఆర్డరు అలా ఉన్నప్పుడు తోక మాత్రం ఉంచేస్తారు. సముద్రాల అవతల పండగపూట ఎవరో పట్టుకునే పిడి అదే.