నడక యంత్రం మీది కొవ్వు గీత

బందరు, గుడివాడ వంటి పట్టణాలలో నేడు వ్యాయామశాలలకు వెళ్ళేవారు చాలామంది. అక్కడ కనిపించే తరహా నడక యంత్రాలలో అనేకం మీద రంగుల పటం ఒకటి అచ్చువేసి ఉంటుంది. ఒక ప్రక్క వయస్సు, మరొక ప్రక్క నిమిషానికి గుండె కొట్టుకొనే సంఖ్య, నడుమ “ఫ్యాట్ బర్న్” అనే పట్టీ. గుండె వేగం ఆ పట్టీ దాటితే కొవ్వు కరగడం ఆగిపోతుందని భావించి, ఒంట్లో ఓపిక ఉండి కూడ నడక వేగాన్ని తగ్గించుకొనేవారున్నారు. డబ్బు కట్టి, తెల్లవారక ముందే లేచి వచ్చేవారిని వెనుకకు లాగే ఈ పటంలో నిజమెంతో చూడవలసి ఉన్నది.

పటం పూర్తిగా అబద్ధం కాదు. అందువల్లనే దానితో చిక్కు. కండరం పని చేయడానికి కావలసిన శక్తిని ఏ.టి.పి. అనే పదార్థం అందిస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డులో 1929లో కండరం నుంచి దీనిని వేరుచేశారు. కండరంలో దీని నిల్వ కొద్ది క్షణాలకే చాలుతుంది. ఎప్పటికప్పుడు తిరిగి తయారు కావాలి. అందుకు ముఖ్యమైన ఇంధనాలు రెండు: పిండిపదార్థం, కొవ్వు. గ్రాముకు గ్రాము చూస్తే కొవ్వులోనే శక్తి ఎక్కువ. కాని అది నెమ్మదిగా మండుతుంది; అంతే శక్తికి ప్రాణవాయువును ఎక్కువగా కోరుతుంది.

తాపీగా నడుస్తున్నప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గి, ఎడ్రినలిన్ వంటివి పెరుగుతాయి. కొవ్వు కణాలలోని నిల్వ విడిపోయి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. పరుగు అందుకొంటే సంగతి మారుతుంది. కండరంలోని గ్లైకోజన్ చురుకుగా ఖర్చవుతుంది. కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలో ప్రవేశించే ద్వారం ఇరుకవుతుంది. రోమైన్, ఆయన సహచరులు 1993లో ప్రకటించిన పరిశోధనలో, శిక్షణ పొందిన సైకిలు పోటీదారులు తమ గరిష్ఠ సామర్థ్యంలో 65 శాతంతో త్రొక్కినప్పుడు కొవ్వు వాడకం ఎక్కువగా ఉండి, 85 శాతం వద్ద తగ్గింది. తరువాత 1995లో రక్తంలో కొవ్వు ఆమ్లాలను కృత్రిమంగా పెంచి చూసినా ఆ లోటు కొంతవరకే తీరింది. అంటే సరుకు రాక ఒక్కటే కారణం కాదు. కండరం లోపల కూడ అడ్డు ఉన్నదన్నమాట.

ఇంతవరకు పటానికి ఆధారమున్నది. అది తప్పుదారి పట్టేది శాతాన్ని మొత్తంగా చూపించడంలో. ఒకరు తాపీగా నడిచి గంటకు 240 కేలరీలు ఖర్చుచేశారనుకుందాం. అందులో 60 శాతం కొవ్వు నుంచి వస్తే అది 16 గ్రాములు. వారే వేగంగా నడిచి 480 ఖర్చుచేస్తే, కొవ్వు వాటా 40 శాతానికి పడిపోయినా 21 గ్రాములు దాటుతుంది. వాటా తగ్గింది, మొత్తం పెరిగింది! ఇక 16 గ్రాములంటే పెద్ద చెంచాడు నేతికంటె కొంచెం ఎక్కువ. బందరు లడ్డూ తెలిసిన ఊరివారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

ఆ గంట ఒక్కటే చూడడం ఇంకా పెద్ద పొరపాటు. వ్యాయామంలో పిండిపదార్థం ఎక్కువగా ఖర్చయితే, మిగిలిన రోజంతా శరీరం కొవ్వును మరికొంత ఎక్కువగా వాడి సరిచూసుకొంటుంది. పరగడుపున నడిస్తే మేలన్న నమ్మకానికీ ఇదే జవాబు. 2014లో 20 మంది యువతులను రెండు జట్లు చేసి, ఒక జట్టును తిన్నాక, రెండవ జట్టును తినకముందు నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. తిండి లెక్క ఇద్దరికీ ఒకే విధంగా తగ్గించారు. కొవ్వు తరుగుదలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇన్సులిన్ గాని, రక్తంలో చక్కెరను బాగా తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడే మధుమేహ రోగులకు పరగడుపు నడక ప్రమాదకరం కూడ కావచ్చును; వైద్యుని అడగకుండా ప్రారంభించరాదు.

పటంలోని అంకెలకు మూలం 220 నుంచి వయస్సును తీసివేసే సూత్రం. ఇది 1970 ప్రాంతంలో వేరువేరు పరిశోధనల అంకెలను చూసి ఉజ్జాయింపుగా గీసిన గీత. ఒకే వయస్సువారిలోనే గరిష్ఠ గుండె వేగం పది పన్నెండు అటూ ఇటూ ఉండడం మామూలు.

వయస్సు అడిగే పటం అభ్యాసాన్ని అడగదు. హాలొజీ 1967లో ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి, వాటి కండరాలలో మైటోకాండ్రియా ఎంజైముల శక్తి సుమారు రెట్టింపయిందని చూపాడు. మనిషిలోనూ ఇటువంటి మార్పే కలుగుతుంది. అదే పనికి అభ్యాసమున్న కండరం కొవ్వును ఎక్కువగా, గ్లైకోజన్‌ను పొదుపుగా వాడుతుంది. దివిసీమలో నాట్లకాలంలో రోజంతా బురదలో వంగి పనిచేసే కూలీ, బల్లముందు కూర్చునే గుమాస్తా ఒకే ఈడువారైనా, ఒకే పనికి వారి కండరాలు ఎంచుకొనే ఇంధనం ఒకటి కాదు. కష్టం మానిన కొద్ది వారాలలోనే ఈ ఎంజైములు తగ్గుముఖం పడతాయి. పటం ప్రకారం మాత్రం ఆ కూలీ గీత జూలైలోనూ, పనిలేని మే నెలలోనూ ఒక్కచోటనే ఉంటుంది.