ఎంజీబీ క్లచ్ మార్చే నేర్పు

ఇంగ్లండులోని అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో అరిగిన క్లచ్ ప్లేటును, అంటే ఇంజన్ వెనుక తిరిగే బరువైన ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ నడుమ ఒత్తుకొని నిలిచి ఇంజన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే బిళ్లను, మార్చాలంటే సాధారణంగా ఇంజన్‌నే పైకెత్తి బయటికి తీయవలసి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ హోరు పెరిగినా బండి వేగం పెరగకపోవడం ఆ అరుగుదలకు గుర్తు.

విడదీయడానికి ఓపిక చాలు. అసలు విద్య తిరిగి అమర్చడంలో ఉంది. ప్లేటు మధ్యనున్న పళ్ల రంధ్రంలోంచి గేర్‌బాక్సు షాఫ్టు దూరి, దాని కొస క్రాంక్‌షాఫ్టు చివరి బుష్‌లో కుదురుకోవాలి కనుక, మెకానిక్ ముందుగా ఆ షాఫ్టును పోలిన కడ్డీతో ప్లేటునూ బుష్‌నూ ఒకే అక్షంపైకి తెచ్చి, ఆ తరువాతనే ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తాడు. వేలాడుతున్న ఇంజన్ బరువును షాఫ్టుపై ఏమాత్రం మోపకుండా, క్రాంక్‌షాఫ్టును కాస్త తిప్పుతూ, పళ్లు కలిసిన క్షణాన్ని కంటికి కనపడకున్నా చేతి స్పర్శతోనే గుర్తించడం నిజంగా గొప్ప నేర్పు. క్లచ్ పెడల్ తొక్కినప్పుడు ప్లేటుపై ఒత్తిడిని తొలగించే రిలీజ్ బేరింగ్ ఈ కారులో ఉక్కు గుండ్లది కాదు, గ్రాఫైట్ వలయం. పెడల్‌పై ఊరికే పాదం ఆనించి నడిపినా అది అరిగిపోతుంది కాబట్టి, చూపుకు బాగున్నా ప్లేటుతోపాటే దాన్నీ మార్చడం వివేకం.