ఒక్క మిల్లీమీటరు వాపు

ఆయాసంతో వచ్చిన పసిబిడ్డను తల్లి ఒడిలోంచి దించనివ్వను. నాలుగడుగుల దూరంలో నిలబడి, స్టెతస్కోపు జోలికి పోకుండా ముందు వింటాను. గాలి పీల్చేటప్పుడు గొంతు కీచుమంటోందా, వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తున్నాయా? పీల్చేటప్పుడైతే ఇరుకు ఎక్కువగా గొంతులోనే ఉంటుంది. గాలి విసురుగా లోపలికి వెళుతుంటే అక్కడ పీడనం తగ్గి, మెత్తటి గోడలు లోపలికి ముడుచుకుంటాయి. వదిలేటప్పుడైతే ఛాతీలోని సన్నగొట్టాలు నొక్కుకుపోతున్నాయన్నమాట.

కీచుమనే శబ్దంతో పాటు కుక్క అరిచినట్టు దగ్గు ఉంటే సాధారణంగా అది క్రూప్. ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ వల్ల వస్తుంది. స్వరపేటిక కింద క్రికాయిడ్ మృదులాస్థి పూర్తి వలయంగా ఉంటుంది కాబట్టి వాపు లోపలికే పెరగాలి. పసిబిడ్డకు అక్కడ దారి వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2. దారి సగమైతే కష్టం రెట్టింపు అనుకుంటాం. కానే కాదు, 16 రెట్లు! 1840ల్లో ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలు పారించి తేల్చిన లెక్క ఇది. నిదానంగా సాగే ప్రవాహానికి అడ్డంకి, వ్యాసార్ధం తగ్గేకొద్దీ దాని నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. పెద్దవాళ్ల 8 మిల్లీమీటర్ల దారిలో అంతే వాపు వస్తే అడ్డంకి పెరిగేది సుమారు మూడు రెట్లే. తల్లికి గొంతు బొంగురుతో పోయిన జలుబే బిడ్డను ఆస్పత్రికి చేర్చగలదు.

ఇక బిడ్డ ఏడిస్తే గాలి వేగం పెరిగి సుడులు తిరుగుతుంది. అప్పుడు లెక్క ఐదో ఘాతానికి దగ్గరవుతుంది, 16 కాస్తా 32 వైపు పోతుంది. అందుకే ఇలాంటి బిడ్డను మంచం మీద అదిమిపట్టి చెంచాతో గొంతు చూడటం, అవసరం లేకున్నా సూది గుచ్చడం నాకు సుతరామూ గిట్టవు. ఏడిపించకుండా ఉంచడం కేవలం మంచితనం కాదు, వైద్యమే. డెక్సామెథసోన్ ఒక్క మోతాదు నోటిద్వారా ఇస్తే కొన్ని గంటల్లో వాపు తీస్తుంది. పరిస్థితి తీవ్రమైతే నెబులైజర్‌లో అడ్రినలిన్ ఇస్తాం. దాని ప్రభావం త్వరగానే తగ్గిపోతుంది కనుక, కుదుటపడ్డాడని వెంటనే ఇంటికి పంపకూడదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. బిడ్డ ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా కీచుశబ్దం వస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి. నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఊరడిస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లండి.